వాగు రేవులో ఆడవాళ్ల కాపలా

నిజాం కాలంలో, దొరల మీద తిరగబడిన సంఘం వాళ్లు మా ఊరి ఆడవాళ్లకు వడిసెల తిప్పడం నేర్పిన ఏడాది నేను ఆ ఇంటికి కొత్త కోడలిని. పుట్టింది జనగామ దగ్గరి పల్లెలో. ఇచ్చింది మానుకోట దిక్కు, తెల్లవారి బయల్దేరితే ఎండ ముదిరేలోపు తొర్రూరు అంగడికి చేరుకోగలిగే ఊరికి. వడిసెలలో రాయి పెట్టి, తల మీదుగా గిర్రున తిప్పి వదిలితే అనుకున్న చోటే పడేటట్టు నేను తొందరగానే నేర్చుకున్నాను. దొర మనుషులు మళ్లీ ఊరి మీదికి వస్తే ఒక్కొక్కడి మోకాలు పగలగొట్టాలని నా ఆలోచన. పడుకున్నా కుడి భుజం దానంతట అది తిరుగుతున్నట్టే ఉండేది.

కానీ ఆ ఏడు నా పాలికి వచ్చిన పని వేరు. రాళ్లూ కట్టెలూ పట్టుకున్నవాళ్ల మధ్య ఒట్టి చేతులతో నిలబడవలసి వచ్చింది. అది వడిసెల కంటే చాలా కష్టమైన విద్య.

మా ఊరికీ లంబాడీ తండాకూ మధ్య ఒక వాగు ఉండేది. వానాకాలం మొదలైతే కార్తీకం దాటేదాకా నిండుగా పారేది. ఎగువనా దిగువనా లోతైన మడుగులు. మనిషైనా పశువైనా దాటాలంటే ఒక్కటే రేవు. మా ఆడవాళ్లు నీళ్లు ముంచుకునేదీ అక్కడే, తండా ఆడవాళ్లు ముంచుకునేదీ అక్కడే. దొర ఊళ్లో ఉన్నన్నాళ్లు తండా మగవాళ్లను తన చేలకు కావలి పెట్టి, గడ్డికి వచ్చిన మా ఆడవాళ్లను వాళ్లతో కొట్టించేవాడు. తండావాళ్ల మీద దొంగతనం మోపాలంటే మా ఊరివాళ్లతో సాక్ష్యం చెప్పించేవాడు. ఇద్దరితోనూ వెట్టి చేయించుకున్నది ఆయనే. అయినా మా కోపం ఆయన మీద కంటే ఒకరి మీద ఒకరికే ఎక్కువ. ఆయన కోటలాంటి తన గడి గోడల వెనక ఉండేవాడు, వీళ్లు రోజూ ఎదురయ్యేవాళ్లు.

దొర పట్నం పారిపోయాక సంఘం ఆయన భూములు పంచింది. అన్నీ సజావుగానే పంచింది గానీ, వాగుకు మా వైపున్న జొన్న చేను దగ్గర పేచీ పడింది. దొర గుంజుకోకముందు అది మా తాతలదని ఊరివాళ్లు. తుప్పలు కొట్టి, రాళ్లు ఏరి దాన్ని చేనుగా చేసింది మేమని తండావాళ్లు. రెండూ నిజమే. సంఘం చెరి సగం అన్నది. ఇద్దరూ తలలూపారు, ఇద్దరూ మనసులో మొత్తం తమదే అనుకున్నారు. విత్తనం ఎలాగో కలిసే వేశారు. ఆ తర్వాత మొదలైంది.

మా బావ, అంటే నా పెనిమిటికి అన్న, తల పగిలింది. తండా బర్రెలను మావాళ్లు తోలుకొచ్చి బందెలదొడ్డిలో పెట్టారు. రేవులో ఒక తండా కోడలి కుండను రాయితో కొట్టి, ఆమెను నీళ్లలోకి తోశారు. ముందు ఎవరు మొదలుపెట్టారంటే ఎవరి వరస వాళ్లు చెప్పేవాళ్లు. నా పెనిమిటి అప్పటికే దళంతో అడవి పట్టాడు. ఇంట్లో మగదిక్కు బావ ఒక్కడే. ఆయన తలకు కట్టు ఉన్నన్నాళ్లూ ఇంట్లో అందరం గొంతు తగ్గించే మాట్లాడుకున్నాం.

సంఘం నాయకుడొకాయన రెండుసార్లు వచ్చి రాజీ చేశాడు. సన్నగా, బడిపంతులులా ఉండే మనిషి. బొడ్రాయి దగ్గర ఊరి మగవాళ్లను ఒక పక్క, తండా మగవాళ్లను ఒక పక్క కూర్చోబెట్టి, చేను గురించీ బర్రెల గురించీ ఓపికగా మాట్లాడి ఒప్పించేవాడు. చేతిలో చెయ్యి వేయించేవాడు. ఆయన ఊరు దాటిన మూడో నాటికో నాలుగో నాటికో మళ్లీ రేవు దగ్గర గొడవ. ఆయన మూడోసారి వచ్చినప్పుడు, మేం ఆడవాళ్లం ఎప్పటిలాగే గోడల వెనక నిలబడి వింటున్నాం. మా అత్త మాత్రం నోట్లో చుట్ట తీసి గోడకు ఆర్పి, నేరుగా మగవాళ్ల మధ్యకు పోయింది.

మా అత్త గడిలో ఏళ్ల తరబడి వెట్టికి వడ్లు దంచిన మనిషి. చేతులు రోకళ్లలా ఉండేవి. గొంతు కూడా అంతే.

"కొడుకా, రెండుసార్లు రాజీ చేస్తివి," అన్నది. "చేను సంగతి మాట్లాడితివి, బర్ల సంగతి మాట్లాడితివి. రోజు పొద్దుగాల వాగుకు పోయేది ఎవలు? మేము. ఆడ ఏమైతున్నదో ఒక్కసారన్న మమ్ముల అడిగినవా?"

ఆయన తాను కూర్చున్న చోటు నుంచి కొంచెం జరిగి, చెప్పమన్నాడు. అత్త నిలబడే చెప్పింది. పొద్దున్నే మావాళ్లు రేవు బండల మీద కూర్చొని తండా ఆడవాళ్లను మాటలంటారు. వాళ్లు నీళ్లు లేకుండా ఏడ్చుకుంటూ ఇంటికి పోతే మొగుళ్లు గొడ్డళ్లు తీస్తారు. అటు గడ్డికి పోయిన మా ఆడవాళ్లను తండా మగవాళ్లు నిలబెట్టి గడ్డిమోపులు గుంజుకుంటారు. ఇంటికొచ్చి చెప్తే మావాళ్లు కట్టెలు తీస్తారు. చేను పేరు చెప్పి కొట్టుకుంటున్నారు గానీ నిప్పు అంటుకునేది రేవులో. కాబట్టి రేవుకు కావలి కావాలి. ఆ కావలి ఆడవాళ్లే ఉంటారు, ఊరివాళ్లు, తండావాళ్లు, జంటలు జంటలుగా.

ఎవరో నవ్వారు. ఆడవాళ్లు కావలి ఉండి ఏం చేస్తారని మా బావ అడిగాడు.

"నువ్వు కావలున్నందుకు ఏమైందో నీ నెత్తి మీద కట్టే చెప్తున్నది," అన్నది అత్త.

ఈసారి అందరూ నవ్వారు, తండావాళ్లు కూడా. నాకు తెలిసి ఆ రెండు గుంపులూ ఒకే మాటకు నవ్వడం అదే మొదలు. నాయకుడు మాత్రం నవ్వలేదు. అవ్వ చెప్పినట్టే చేద్దాం, ఇన్నాళ్లు అడగకపోవడం నా తప్పు అన్నాడు. ఆ మాట అందరి ముందూ అన్నందుకు ఆ మనిషి మీద నాకు ఇప్పటికీ గౌరవం.

మర్నాడు అత్త నన్ను వెంటబెట్టుకొని రేవు దాటి తండాకు పోయింది. తండా నాయకుడి తల్లి, అత్త వయసు మనిషి, ఇంటి ముందు కుక్కిమంచం వాల్చి కూర్చోబెట్టింది. ఇద్దరూ చుట్టలు ముట్టించారు. చాలాసేపు పశువుల గురించే మాట్లాడుకున్నారు. చివరికి అసలు సంగతికి వచ్చాక ఆ ముసలామె ఒక్కటే అడిగింది: మీ ఆడవాళ్లు మా మగవాణ్ని ఆపబోతే వాడికి రోషం రాదా? మా ఆడవాళ్లు మీవాణ్ని ఆపబోతే?

జవాబు కూడా ముసలామే చెప్పింది.

"ఎవలోళ్లను వాళ్లే ఆపాలె. నా కొడుకును నేను ఆపుత. నీ కొడుకును నువ్వు ఆపు."

ఇంటికి వస్తున్నంతసేపూ అత్త ఆ మాటే తలుచుకుంది. మా కావలి మొత్తానికి అదే చట్టం. మగవాళ్లు కట్టెలతో గొడ్డళ్లతో రేవులో దిగకూడదు. పొద్దున ఆడవాళ్ల నీళ్లు అయ్యేదాకా పశువులను తోలకూడదు. రెండు వైపుల ఆడవాళ్లూ ఒకే సమయంలో ముంచుకోవాలి. ఎవరైనా కాదంటే వాళ్ల ఇంటి ఆడదే ముందుకు రావాలి. కావలి ఉన్నవాళ్లు తెలిసేందుకు పసుపునీళ్లలో ముంచిన గుడ్డపీలిక చేతికి కట్టుకున్నాం.

నాకు జంటగా వచ్చింది, కుండ పగిలిన ఆ తండా కోడలే. నా ఈడుది. చేతుల నిండా తెల్లటి గాజులు, నడుస్తుంటే చప్పుడు. మొదటి పొద్దు ఇద్దరం ఒకే బండకు చెరో కొసన కూర్చున్నాం. ఆమెను తోసింది మా ఊరివాళ్లు, మా బావ తల పగలగొట్టింది ఆమె మనుషులు. ఏం మాట్లాడాలి? ఎండ నెత్తి మీదికి వచ్చాక ఆమె నీళ్ల వంక చూస్తూ మా భాషలో అడిగింది, మీ బావ తల మానిందా అని. మానిందన్నాను. కుండ సంగతి నేను అడిగాను. కొత్తది తెచ్చుకున్నానని చెప్పింది. తినడానికి తెచ్చుకున్న జొన్న గటక మూట విప్పి నా వైపు జరిపింది.

తర్వాత మాకు మాటలకు కొదవ లేదు. వాళ్ల భాషలో నీళ్లను పాణి అంటారని, అమ్మను యాడి అంటారని చెప్పింది. వడిసెల నేను నేర్పుతానంటే, ఒకసారి తిప్పి చూపించమన్నది. నేను విసిరిన రాయి అవతలి గట్టు మీది మోదుగ చెట్టుకు తగిలింది. ఆమె నా చేతిలోంచి వడిసెల తీసుకొని విసిరితే రాయి ఆ చెట్టు పైనుంచి పోయి ఎక్కడో పడింది. చిన్నప్పటి నుంచి పిట్టలు తోలే చెయ్యి అది. నేను సిగ్గుపడి వడిసెల మడిచి కొంగులో దోపుకుంటే పడీ పడీ నవ్వింది.

మొదట్లో మగవాళ్లు మమ్మల్ని ఆట పట్టించడానికే రేవుకు వచ్చేవాళ్లు. బండల మీద చేరిన కుర్రవాళ్లను వాళ్ల తల్లులే చెవి పట్టుకొని తీసుకుపోయేసరికి ఆ ముచ్చట తీరింది. అటు తండా మగాడొకడు గడ్డిమోపు గుంజుకుంటే వాడి పెండ్లామే దాన్ని తెచ్చి మా ఊరామె తలకు ఎత్తింది. రేవు నెమ్మదించింది. ఆడవాళ్లు నీళ్లు ముంచుకొని కూడా కాసేపు నిలబడడం మొదలుపెట్టారు. అంతవరకూ ఏ పంచాయితీలోనూ చెప్పని సంగతులు అక్కడ మా ఇద్దరికీ చెప్పేవాళ్లు. గడి పక్క నుంచి పోతుంటే అందులో మిగిలిన దొర మనిషి అడ్డం వస్తున్నాడని ఒకామె, పురుడు కష్టమైతే ఊళ్లోని మంత్రసాని తండాకు రానంటున్నదని ఇంకొకామె. విన్నవి అత్తకు చెప్పేదాన్ని. మంత్రసానిని అత్తే తీసుకుపోయింది. గడి దారిన ఆడవాళ్లు గుంపుగా పోవడం మొదలుపెట్టారు.

ఇప్పుడు నేను భూపాలపల్లిలో ఉంటున్నాను. కొడుకు బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. వాడి బిడ్డ, నా మనుమరాలు, పోలీసులో చేరింది. అంతా ఆడవాళ్లే ఉన్న దళంతో, నీలిరంగు టోపీ పెట్టుకొని, కొట్లాటలతో చితికిపోయిన ఒక పరాయి దేశానికి శాంతి కావలికి పోయివచ్చింది. అక్కడ మగ సిపాయిలు ఎన్నాళ్లు తిరిగినా నోరు విప్పని ఆడవాళ్లు, వీళ్లు బోరింగు దగ్గర నిలబడితే వచ్చి అన్నీ చెప్పేవాళ్లట. ఏ బాటన పోవాలంటే భయమో, ఎవరు ఎవరిని ఏం చేశారో. మా పెద్ద అధికారులకే ఇది కొత్తగా అనిపించింది నానమ్మా, నువ్వేమో అట్లనే ఉంటది అంటున్నవ్ అని వింతగా చూసింది. అప్పుడే మొదటిసారి మా ఇంట్లో ఈ కథంతా కూర్చోబెట్టి చెప్పాను. ఆమె ఎన్నో చదివి, శిక్షణ తీసుకొని పోయింది. నాకు నేర్పింది ఇద్దరు ముసలివాళ్లు, ఒక వాగు.

ఆ ఏడు జొన్న కోతకు వచ్చింది. కంకులు బరువెక్కి వంగాయి. చెరి సగం కోసుకోవడానికి మంచిరోజు చూసుకున్నారు. దానికి ముందు తొర్రూరు అంగడి పడింది. కోతలైతే తీరిక ఉండదని, ఎడ్లకూ ఉప్పుకూ ఊరి మగవాళ్లందరూ పోయారు. తండావాళ్లు కూడా పోయారు. ఆ రోజు రేవులో కావలి నేనూ నా జంటా. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఉన్నాం.

సాయంత్రం మావాళ్లు తిరిగొచ్చేసరికి చేనుకు ఒక మూల మూలంతా కంకులు లేవు. ఒట్టి దంట్లు నిలబడి ఉన్నాయి. తండా ఆడవాళ్లు గంపల్లో ఎత్తుకుపోతుంటే తాను చూశానని గడిలో ఉండే దొర మనిషి ఎవరి చెవిలోనో వేశాడు. దొర పోయినా ఈ ఒక్కడిని గడికి కాపలా పెట్టి పోయాడు. ఆ మాట ఇల్లిల్లూ తిరిగింది. తెల్లవారేసరికి మావాళ్లు కట్టెలు పట్టుకొని రేవు వైపు బయల్దేరారు. అందరికంటే ముందు మా బావ. వీళ్లు వస్తున్న సంగతి తెలిసి అవతలి గట్టు మీద తండా మగవాళ్లు గొడ్డళ్లతో నిలబడ్డారు.

మేం అప్పటికే నీళ్లలో ఉన్నాం. అత్త ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లను లేపింది, అటు ముసలామె లేపింది. మోకాళ్లు దాటిన నీళ్లలో రెండు వరసలుగా నిలబడ్డాం. మా ఊరి ఆడవాళ్లం మా ఊరి వైపు ముఖం పెట్టి, తండా ఆడవాళ్లు తండా వైపు ముఖం పెట్టి. వీపుకు వీపు ఆనించుకున్నాం. నా వీపుకు ఆనింది నా జంట వీపు. చలి నీళ్లలో ఆ వీపు ఒక్కటే వెచ్చగా ఉన్నట్టు గుర్తు.

బావ సరిగ్గా నా ఎదురుగా వచ్చి ఆగాడు. మా ఇంట్లో మరదలు బావ ముందు కొంగు కప్పుకొని పక్కకు తప్పుకోవడమే గానీ, ఎదురుపడి మాట్లాడే వాడుక లేదు. ఆయన కూడా నాతో నేరుగా మాట్లాడేవాడు కాదు. అప్పుడూ మాట్లాడలేదు. వరసలో నా పక్కనున్న అత్తను చూసి అన్నాడు.

"అవ్వా, నీ చిన్న కోడలిని పక్కకు జరగమను."

"నాకెందుకు చెప్తవ్? కండ్ల ముందట్నే ఉన్నది. దాన్నే అడుగు," అన్నది అత్త.

ఇక మిగిలింది నేనే. కాళ్ల కింద ఇసుక జారుతున్నది. ఆయన చేతిలో కట్టె నా కళ్లకు దూలమంత కనిపించింది. తల మీది కొంగు ఎప్పుడు జారిందో తెలియదు. సర్దుకోలేదు.

"బావా, నిన్న పొద్దుగాలకెళ్లి పొద్దుగూకేదాంక ఈ రేవుల నేనే ఉన్న," అన్నాను. "గంపలతోని ఎవ్వలు దాటలే. కంకులు తండాకు పోవాలంటే ఈ నీళ్లల్లకెళ్లే పోవాలె. పోలే."

వెనక నుంచి ఎవరో దొర మనిషి కళ్లారా చూశాడట కదా అన్నారు. వాడు నిన్న రేవు ఛాయలకే రాలేదని చెప్పాను. ఇందాక చేను పక్క నుంచి వస్తూ చూసింది కూడా చెప్పాను.

"చేను గెట్టు మీద బండి జాడున్నది. అది వాగు దిక్కు రాలే. గడి దిక్కు పోయింది. పోయి చూసిరాండ్రి. జాడ లేకుంటే అప్పుడు నన్ను కొట్టి దాటుండ్రి."

నా వీపు వెనక నా జంట తన మరిదితో వాళ్ల భాషలో గట్టిగా ఏదో అంటున్నది. అదేమిటో తర్వాత చెప్పింది. ముందు నన్ను నరికి పో, ఇంటి దగ్గర నా బిడ్డకు నువ్వే పాలిద్దువు గానీ అన్నదట. గొడ్డలి పట్టుకొన్న ఆ మరిది పక్కవాళ్లు నవ్వేసరికి తల దించుకున్నాడట.

బావ చాలాసేపు నన్నే చూశాడు. నేను కళ్లు దించలేదు. ఆయన కట్టెను ఎత్తలేదు, కింద పెట్టనూ లేదు. తర్వాత వెనక్కి తిరిగి, గెట్టు దాకా పోయి చూసి రమ్మని ఒక పెద్దమనిషిని పంపాడు. ఆయన పోయి వచ్చేదాకా మా రెండు వరసలూ నీళ్లలోంచి కదల్లేదు. ఆయన దూరం నుంచే చెయ్యి ఊపుతూ వచ్చాడు. జాడ ఉన్నది, గడి వెనక దర్వాజ దాకా పోయింది అన్నాడు.

అందరూ ఒక్కసారి గడి వైపు కదలబోతే అత్త ఆపింది. కట్టెలు, గొడ్డళ్లు ఇక్కడే ఇసుకలో పెట్టి, ఊరివాళ్లు కొందరు, తండావాళ్లు కొందరు కలిసి పోవాలన్నది. ముందు అత్త, ముసలామె నడిచారు. వాళ్ల వెనక మేమిద్దరం, తడి బట్టలతోనే. అంతకుముందు గడి దగ్గర చెప్పులు విప్పి నడిచిన జనం అది. ఆ రోజు తలుపు తట్టకుండానే లోపలికి పోయింది. వెనక వాకిట్లో గోనెపట్టాల కింద కంకులు కుప్పగా పోసి ఉన్నాయి. వాటి పక్కనే బండి. దొర మనిషి చెప్పులు కూడా తొడుక్కోకుండా గోడ దూకి పోయాడు. ఊరూ తండా కొట్టుకు చస్తే మళ్లీ దొరను పిలుచుకు రావచ్చని వాడి ఎత్తు.

కంకులను గడి బండి మీదే ఎత్తాం. తండా కుర్రవాళ్లు ఒక పక్క, మావాళ్లు ఒక పక్క కాడి పట్టి లాగారు. ఎడ్లు కూడా అక్కరలేదన్నారు. బండి మీద మా అత్తనూ తండా ముసలామెనూ ఎక్కించారు. ఇద్దరూ చుట్టలు ముట్టించి, కాళ్లు వేలాడేసుకొని, దొరసానుల్లా కూర్చున్నారు. చేను దాకా ఒకటే కేకలు, ఈలలు. నా జంట నా చెయ్యి పట్టుకొని గాజులు గలగలలాడిస్తూ పరుగెత్తింది. అంత సంతోషం నా పెళ్లిలో కూడా నేను ఎరగను.

చేను మొత్తం కలిసే కోశాం. ఒక సాలుకు ఊరి ఆడది, పక్క సాలుకు తండా ఆడది. కళ్లంలో చెరి సగం పోశారు. ఎవరూ ఎవరి కుప్పనూ కొలవలేదు. సంఘం నాయకుడు మళ్లీ వచ్చినప్పుడు బొడ్రాయి దగ్గర తన పక్కన చాప వేయించి, మా అత్తనూ ముసలామెనూ దాని మీద కూర్చోమన్నాడు. ఆ తర్వాత ఆ చాప మీద ఆడవాళ్లు లేకుండా మా ఊళ్లో ఏ తగవూ తీర్చలేదు.

కొన్నాళ్లకు నిజాం పోలీసులను వెంటబెట్టుకొని దొర మనిషి వచ్చాడు. సంఘం వాళ్ల ఇళ్లు చూపించమని తండావాళ్లను అడిగారు. తండావాళ్లు దొంగలని చెప్పమని మా ఊరివాళ్లను అడిగారు. ఎప్పుడూ పారే ఎత్తు అది. తండాలో ఒక్కరూ ఇల్లు చూపించలేదు. మా ఊళ్లో ఒక్కరూ ఆ మాట చెప్పలేదు. ఆ రోజు మా ఇంటి పసిపిల్లలందరూ తండాలో నా జంట ఇంట్లో గటక తింటూ కూర్చున్నారు. పోలీసులు వచ్చిన దారినే పోయారు. దొర మనిషి మళ్లీ ఆ ఛాయలకు రాలేదు.

బావ సంగతి చెప్పాలి. కోతలయ్యాక ఒక పొద్దున ఆయన బర్రెలను తోలుకొని రేవుకు వచ్చాడు. కావలి నాదే. తండా ఆడవాళ్లు ఇంకా నీళ్లు ముంచుకుంటున్నారు. అవతలి గట్టు మీద నా జంట మరిది కూడా తన పశువులతో ఎదురుచూస్తున్నాడు. బావ చుట్టూ చూశాడు. అత్త లేదు. తన మాట నాకు చేరవేయడానికి ఇంకెవరూ లేరు.

"పిల్లా, ఇప్పుడు దాటొచ్చునా?" అని నన్నే అడిగాడు.

"జర ఆగు బావా," అన్నాను.

ఆయన బర్రె వీపు మీద చెయ్యి వేసి, గట్టు మీద నిలబడి ఆగాడు.